చీపురు బండి

చలికాలమంతా ఇది బడి బస్సు.
మే నెల రాగానే దీని నెత్తిన ఒక చీపురు కట్టి
సైకిల్ పందెం వాళ్ళు అద్దెకు తీసుకుంటారు,
నాతో సహా.
సీట్ల వెనక ఇంకా ఉన్నాయి
సగం చిరిగిన డైనోసార్ బొమ్మలు, నమిలి అంటించిన చూయింగ్ గమ్,
"మార్తీనా దొంగ" అని గోటితో గీకిన మాట.
వాటి మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు
మూడు వారాలకని బయల్దేరి
దారిలో ఆగిపోయినవాళ్ళు.

ఇవాళ పదిహేడో రోజు.
కార్నియా కొండల్లో వాన కాదు, మంచూ కాదు,
రెంటికీ మధ్య పేరులేనిదేదో కురుస్తోంది.
వెనక ఇప్పటికే ఇద్దరు.
డచ్చివాడు తడి సాక్సులతోనే నిద్రపోయాడు.
రెండోవాడు అద్దం ఆవిరి మీద వేలితో ఏదో రాసి
తనే చెరిపేశాడు.
నా పక్కన న్యాయాధికారి ఇల్దేగార్ద.
ఒళ్ళో స్టాప్‌వాచీ,
దగ్గు బిళ్ళల డబ్బా నిండా పిన్నీసులు.
మనిషికి నాలుగు.
వీపు మీది నంబరు ఆవిడే విప్పుతుంది,
పుండు మీద కట్టు విప్పినంత నెమ్మదిగా.

మా ముందు అబీలియో, నూట డెబ్భై ఆరు.
పదహారు రోజులుగా వీడి పని నీళ్ళు మోయడం.
వెనక కారు దాకా జారి
చొక్కాలో ఎనిమిది సీసాలు దోపుకుని
నిండు చూలాలిలా మళ్ళీ గుంపులోకి ఈదడం.
నాయకుడి చక్రంలో గాలి పోతే
తన చక్రం ఊడదీసి ఇచ్చి రోడ్డు పక్కన నిలబడటం.
పేపర్లో వీడి పేరు పడాలంటే
వీడు కింద పడాలి.
నిన్న పడ్డాడు.
అయినా పేరు పడలేదు.

గంటకు తొమ్మిది కిలోమీటర్లు.
ఇంత మెల్లగా బండి నడపడమెంత కష్టమో
శవాల బండి తోలినవాడికే తెలుసు.
హారన్ కొట్టకూడదు, పలకరించకూడదు.
వాడు నేల మీద కాలు పెట్టేదాకా
మేం లేనట్టే ఉండాలి.
కానీ నా ఇంజను చప్పుడు వాడి వీపుకు వినబడుతూనే ఉంటుంది.
హీటరు, ఉన్ని దుప్పటి, ఫ్లాస్కులో టీ
అన్నీ ఆ చప్పుడులోనే ఉన్నాయి.

ఎనిమిదో మలుపులో కాలు పెట్టాడు.
ఇల్దేగార్ద తలుపు తీసింది. వాచీ మాత్రం ఆపలేదు.
జనం ఎప్పుడో దిగిపోయారు.
ఒక్క ముసలాయన మాత్రం గొడుగు ఊపుతూ
పద పద అని అరుస్తున్నాడు,
వాడికి చెప్తున్నాడో నాకు చెప్తున్నాడో.
అబీలియో రోడ్డు పక్కకు వంగాడు.
కక్కుతాడనుకున్నాను.
గడ్డిలోంచి ఒక సీసా తీశాడు,
గంట క్రితం ఏ నాయకుడో విసిరేసినది.
ఊపి చూశాడు.
అడుగున రెండు గుక్కలు. తాగాడు.
"తలుపేసుకోండి, చలి లోపలికొస్తుంది" అని
మళ్ళీ ఎక్కాడు.

పైన గీత దగ్గర తోరణంలోంచి గాలి తీసేస్తున్నారు.
అది మోకాళ్ళ మీదికి కూలుతోంది.
ఇద్దరు కుర్రాళ్ళు ఆ గుడ్డను చేతులతో ఎత్తి పట్టుకుంటే
వాడు తల వంచి కింద నుంచి దూరాడు.
గడువు దాటి రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
ఇల్దేగార్ద వాచీని రెండుసార్లు చూసింది.
మూడోసారి కూడా చూసింది.
పిన్నీసులు డబ్బాలో మూడే పడ్డాయి.

దిగేటప్పుడు ముందు సీటు అడిగాడు.
దారి పొడుగునా పెదాలు కదుపుతూ మలుపులు లెక్కపెట్టాడు.
"ఇరవై ఒకటన్నారు, ఇరవై రెండున్నాయి"
అన్నాడు, నేనే మోసం చేసినట్టు.

నవంబరు. పొద్దున్న ఏడయినా చీకటే.
నీవెస్ కోటు గుండీ ఊడి వచ్చింది.
సీటు సందులో తడిమితే పిన్నీసు తగిలింది, పెట్టాను.
ఎవరిదీ? అంది.
ఆలస్యంగా వచ్చినవాడిది.
వాడి కోసం ఆగావా?
లేదు, వాడి వెనకాలే వెళ్ళాను.
ఇదేం జవాబు అన్నట్టు చూసింది.

వంతెన దగ్గర ఇంకొకడు ఎక్కాలి.
సంచీ ఒక భుజం మీద, బూటు లేసు ఊడి,
మంచులో పడుతూ లేస్తూ వస్తున్నాడు.
ఇంజను ఆపేశాను,
ఆ చప్పుడు వాణ్ణి తొందరపెట్టకుండా.