ఇరవై తొమ్మిదో తారీఖు

మిల్లు మూసేస్తున్నామని ఉత్తరం వచ్చింది.
చదవడానికి ముందు
దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు రోజేర్, మా ఆయన,
మూడో నంబరు మిషను మీద ఇరవై రెండేళ్లు నిలబడ్డవాడు.
"మన కాగితమే," అన్నాడు, "గరుకు చూడు."
తర్వాత కూర్చుని చదివాడు.

జీతం పదిహేనుతో ఆఖరు.
ఇన్సూరెన్సు నెలాఖరు దాకా.
నెలేమో ఫిబ్రవరి.

నేను పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తుతాను.
ఆ మధ్యాహ్నం నుంచీ
ఫోను కింద పెడితే ఒట్టు.
మెయిన్ రాష్ట్రంలో, నది మలుపులో, మా చిన్న ఊరు
ఏళ్ల తరబడి లోపల దాచుకున్న నొప్పులన్నీ
ఒక్కసారిగా బయటికి తీసి
మంచులో ఆరేసుకుంది.

మోకాలు నేడూ రేపూ అంటూ ఈడ్చినవాళ్లు
పొద్దున్నే కుంటుకుంటూ బస్సెక్కారు.
మందుల షాపులో ఇన్హేలర్లు అయిపోయాయి.
థీడా పెల్కీ పిల్లలిద్దర్నీ కళ్లజోళ్లకి తీసుకెళ్లి
"రెండేళ్ల తర్వాత చూపుకి సరిపోయేట్టు ఇవ్వండి" అందట,
బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నట్టు.
నవ్వాం.
నవ్వి, లెక్కలేసుకున్నాం.

ఇరవై ఎనిమిదితో అయిపోతుందనుకుంటుంటే
బేకరీలో ఎవరో గోడవైపు చూసి అరిచారు,
ఇది లీపు సంవత్సరమని.
చప్పట్లు కొట్టారు జనం.
నాలుగేళ్లకోసారి ఊరికే వచ్చే రోజు,
పుట్టినరోజుగా కూడా ఎవరూ కోరుకోని రోజు,
దానికి చప్పట్లు.

పదకొండేళ్ల కిందట రోజేర్ ఉద్యోగం మానేస్తానన్నాడు.
పడవలు బాగుచేసే షెడ్డొకటి చూసుకున్నాడు,
అద్దె మాట్లాడుకున్నాడు,
బోర్డు మీద అక్షరాలు ఏ రంగో కూడా అనుకున్నాడు.
అప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు, మూర్ఛలు.
నేను దెబ్బలాడలేదు, ఏడవలేదు.
"మరి కార్డు?" అన్నాను.
అంతే.
ఆ ఒక్క మాటకి అతను మర్నాడు డ్యూటీకెళ్లాడు,
ఆ మర్నాడూ వెళ్లాడు.
ఇప్పుడు కుడి చెవి వినపడదు.
నేనేమైనా అంటే ఎడమవైపుకి తిరుగుతాడు.

పళ్లు రాలగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
మా రాయి మాత్రం మేమే దొర్లించుకొచ్చి
ఇంటికి పునాది అనుకున్నాం.

ఇరవై తొమ్మిది, రాత్రి తొమ్మిదింబావు.
చివరి పేరు లీలండ్ వెలెట్.
అరవై ఒకటి నిండాయి.
సర్కారు కార్డు అరవై అయిదుకి గాని రాదు.
స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.
"కింది వరస మొత్తం పీకెయ్యండి."
డాక్టర్ వాస్ ఫిలిం దీపానికి పెట్టి చూసింది.
"ఇవి గట్టిగా ఉన్నాయి, లీలండ్."
"తెలుసు. ఇవాళైతే మిల్లు కడుతుంది.
రేపు సలిపితే నేను కట్టుకోవాలి."

తలుపు సందులోంచి నాకు ఆయన బూట్లే కనిపించాయి,
ఒకదాని మీద ఒకటి,
చర్చిలో కుర్రాడు పెట్టుకున్నట్టు.
డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు.
ఆ తర్వాత ఒక్కో పన్నూ శుభ్రం చేసింది,
పాత వెండి చెంచాలు తోముతున్నట్టు, తొందర లేకుండా.
ఒక్కటీ పీకలేదు.

బయట మంచుకి మంచు వాసనే వేస్తోంది.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.
ఇన్నాళ్లూ కుళ్లిన గుడ్ల కంపు ఊరంతా,
బయటివాళ్లు ముక్కు మూసుకుంటే
"అది జీతం వాసన" అనేవాళ్లం.

లీలండ్ కోటు తొడుక్కుంటున్నాడు.
పద్నాలుగేళ్ల అలవాటు,
నా నోరు నన్నడగకుండానే అడిగేసింది:
"ఆర్నెల్ల తర్వాత ఎప్పుడు రాయమంటారు?"

ఆయన నొచ్చుకోలేదు.
గుండీ పట్టుకుని నిజంగానే ఆలోచించాడు.
"ఏ పూటైనా సరే.
ఖాళీనే."

ఆగస్టు ఇరవై తొమ్మిది అని రాశాను.
పెన్సిలుతో.
కింద రోడ్డు మీద రోజేర్ ట్రక్కు
ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.
నా వెనక దవడ పన్ను నెలరోజులుగా సలుపుతోంది,
నాలుకతో ఒకసారి తడిమి
దీపాలార్పాను.