చెయ్యి అందని చోటు

జెరాల్డ్‌టన్‌లో ఫిబ్రవరి. పన్నెండు దాటింది.
ఫోన్‌లో ఎండ అంకె పదకొండు.
నీడ పట్టున ఉండమని చెప్పే అంకె అది.
మేం దాన్ని చూసుకునే
తువ్వాళ్లు చంకన పెట్టుకుని బయల్దేరతాం.

వచ్చే శనివారం డాన్సు.
కీలీ గౌను తెల్లది, వీపంతా ఖాళీ.
"పాలిపోయిన కాళ్లతో ఫొటోలో నిలబడతావా?"
ఎవరన్నారో గుర్తులేదు.
నేనే కావచ్చు.

లొరెయిన్ పిన్ని ముక్కు మీద
ఒక చోట చర్మం మెరుస్తుంది,
వేరే గుడ్డతో వేసిన మాసికలా.
చేపల కొట్లో చిల్లర లెక్కపెడుతూ
వచ్చినవాళ్లందరికీ చెబుతుంది:
"మా రోజుల్లో నూనె రాసుకుని మరీ వేగేవాళ్లం,
ఇదిగో, ఈ ముక్కల్లాగే."
నవ్వుతాం. ఆమెకి యాభై రెండు.
యాభై రెండంటే మాకు వేరే దేశం.

ఇసుకలో వరసగా పడుకుని
పావుగంటకోసారి పక్కకి తిరుగుతున్నాం.
బ్రైడీ లేచి కూర్చుంది
(మా గౌన్ల రంగులన్నీ తేల్చింది తనే),
సంచిలోంచి పొడుగు చేతుల చొక్కా తీసి
తొడుక్కుంది. కారణం చెప్పలేదు.
మాటలాగాయి. మధ్యలోంచి
ఒక సీగల్ తీరిగ్గా నడిచిపోయింది.
"చేతుల మీద గీత పడుతుందే," అంది కీలీ.
"పడనీ."

ఐదేళ్లుగా బడి గోడల మీద
పోస్టర్లు గొంతు చించుకుంటూనే ఉన్నాయి.

కాసేపటికి, ఎవరివైపూ చూడకుండా
నా సీసా మూత తిప్పాను.
భుజాలు, మెడ, చెవుల అంచులు.
వీపు మధ్యలో చెయ్యి అందని చోటొకటి.
కీలీ నిట్టూర్చి "ఇటివ్వు" అంది.
చల్లటి క్రీము, ఇసుక అంటిన గరుకు వేళ్లు.

తన వీపు మాత్రం ఎండకే వదిలేసింది.
నేనూ రాయనా అని అడగాలనుకున్నాను.
శనివారం దాకా అడగలేదు.