కొసరు

రావులపాలెం అరటి మార్కెట్టుకి ఎదురుగా
నా కొట్టు.
కొట్టు అనకూడదట, అవుట్‌లెట్ అనాలట.
బోర్డు వాళ్లది. ఎరుపు వాళ్లది.
టోపీ పెట్టుకుని నవ్వే పుంజు వాళ్లది.
మసాలా పొట్లంలో ఏముందో ఆ రహస్యమూ వాళ్లదే.
అప్పు నాది.
డెబ్బై సెంట్ల కొబ్బరితోట కాగితాలు
బ్యాంకు బీరువాలో పడుకున్నాయి, అవి నావి.
వానాకాలం రాత్రి ఆ ఎర్ర దీపానికి
కాలవ గట్టు మీంచి మందలుగా వచ్చి రాలే ఉసిళ్లని
పొద్దున్నే ఊడ్చే చీపురు కూడా నాదే.

మా నాన్న కోళ్ల బుల్లెబ్బాయి.
ఆదివారం చింతమొద్దు ముందు నిలబడితే
చేతిలో కత్తి, నోట్లో చుట్ట, ఎదురుగా లైను.
కిలో అడిగిన వాళ్లకి కిలో తూచి
ఆపైన ఒక ముక్క విసిరేవాడు,
కార్జమో కందనకాయో,
చూడకుండానే.
ఎందుకు నాన్నా అంటే
"ఇంట్లో పిల్లి కూడా ఉంటుంది కదమ్మా" అనేవాడు.

ట్రైనింగులో మూడో రోజు అడిగాను,
కొసరు ఏ పేజీలో ఉందండీ అని.
టై కట్టుకున్న కుర్రాడు పుస్తకం రెండుసార్లు తిప్పాడు.
చేతులు ఎన్ని సెకన్లు కడగాలో ఉంది,
నూనె ఎన్నో పూటకి మార్చాలో ఉంది,
"ఆయ్" అనకూడదని, "యస్ మేడమ్" అనాలని ఉంది.
కొసరు లేదు.
ఆరు శాతం ఉంది.
లాభం మీద కాదు, అమ్మకం మీద.
నేను మునిగినా తేలినా
వాళ్ల ఆరు ముందే ఒడ్డెక్కి కూర్చుంటుంది.

మండపేట అవతల షెడ్డులో పెరిగిన కోడి
హైదరాబాదు వెళ్లి
తొమ్మిది ముక్కలై, మంచులో గడ్డకట్టి,
వెళ్లిన సిద్ధాంతం వంతెన మీదుగానే
తెల్ల వ్యానులో తిరిగొస్తుంది.
సంచి విప్పితే వాసన ఉండదు.
మా నాన్న ఒకటి చేత్తో నొక్కి చూసి
"ఇవేం కోళ్లమ్మా, రాళ్లు" అని
మళ్లీ ఈ మెట్టెక్కలేదు.

కార్తీకమాసం నెలంతా
లోవరాజు ఫ్రయ్యరు ముందు నిలబడి
నూనెలో తన మొహం చూసుకున్నాడు.
మాఘంలో కోళ్లకి తెగులని పేపర్లో పడింది.
పద్దెనిమిది రోజులు.
ఉడికించిన గుడ్డు కూడా ఎవరూ ముట్టలేదు.
అద్దె నడిచింది, జీతాలు నడిచాయి,
బోర్డు మీద పుంజు నవ్వుతూనే ఉంది.

ఆ తరవాతి వారం అనుకుంటా,
గెలల లోడింగు అయ్యాక మరిడియ్య వచ్చాడు.
చొక్కా నిండా అరటి కర,
ఎన్ని ఉతుకులు ఉతికినా పోని నల్లమరకలు.
అద్దం తలుపు తొయ్యాలా లాగాలా తెలీక కాసేపు,
ఏసీ చలికి భుజాలు ముడుచుకుని కాసేపు.
"మూడు ముక్కలు ఎంతండీ?"
మెషీన్లో మూడు లేదు.
రెండు, నాలుగు, ఎనిమిది.
"ఇంటికాడ పిల్లలు ముగ్గురండి,
డబ్బులు రెండింటికే ఉన్నాయి."
లోవరాజు నా వైపు చూశాడు.
నేను మరిడియ్య చొక్కా చూశాను.
నా కొంగు వాసన చూసుకున్నాను,
ఈ నూనె కూడా అంతే, ఉతుకులకి పోదు.
రెండుకి బిల్లు కొట్టించి
మూడు పెట్టమన్నాను.

రాత్రి లెక్కల్లో ఒక గడి ఉంటుంది:
నేల మీద పడి పారేసినవి.
అక్కడ ఒకటి వేశాను.
మర్నాడు రెండు.
శనివారానికి పదకొండు.

నెలాఖరున హైదరాబాదు నుంచి ఫోను.
"మేడమ్, రాష్ట్రం మొత్తం మీద
మీ దగ్గరే ఇన్ని ముక్కలు కింద పడుతున్నాయి. ఎందుకు?"
లోవరాజు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.
"డెల్టా కదండీ" అన్నాను.
"ఇక్కడ నేల పల్లం.
ఏది వదిలినా కిందికే పోతుంది."
అవతల కాసేపు మాట లేదు,
టైపు చేస్తున్న చప్పుడు.
"అలాగే రాసుకోమంటారా?"
"ఆయ్" అన్నాను.