ఏడో ప్రశ్న

ఆరు ట్యాబ్లెట్లు
మురమాంగ నుంచి బియ్యం బస్తాల మధ్య కూర్చుని వచ్చాయి.
ఆఖరి మూడు కోసులూ నా సైకిలు మీద,
నా రెయిన్‌కోటు వాటికి తొడిగి
నేను తడిసి.

అంబుదిహింత్సి బడికి కప్పుంది, గోడలు మూడున్నర.
నలభై ముగ్గురు పిల్లలు.
ఒక్కో గాజుపలక మీద ఏడేసి తలలు వాలగా
మిగిలిన ఒక్కడు
ఎవరి భుజం దొరికితే దాని మీంచి చూస్తాడు.
కప్పు రేకుల మీద సోలార్ ఫలకం,
దాని మీద ఒక కోడిపుంజు.
పుంజును దింపితేనే చదువు ఛార్జయ్యేది.

మొదటి రోజు అడవి తెర మీద వెలిగింది.
వేలు పెడితే ఊసరవెల్లి రంగు మార్చింది.
జలుబంటే ఎరగని పట్నపు గొంతొకటి
"పిల్లలూ, అడవి మన తల్లి" అంది.
అసలు అడవి బయట కొండ మీద
వానలో నిలబడి ఉంది,
ఎవరికీ ఏమీ చెప్పకుండా.

ప్రశ్నలు మొదలయ్యాయి.
బబకూటుకి పొడుగు తోక ఉంటుందా?
ఫక్కుమన్నారు. దానికి తోకెక్కడిది, ఇంత బొడిపె తప్ప!
ఆరు దాకా ఒకటే పరుగు.
జవాబు జవాబుకీ ఒక నక్షత్రం,
ఎవరివో చప్పట్లు.

ఏడు: అడవికి శత్రువు ఎవరు?
నాలుగు బొమ్మలు.
తుఫాను. మిడతల దండు. మేక.
నాలుగోది, కాగడా పట్టుకున్న మనిషి,
నెత్తిన నారటోపీ.

సువాజార వేలు గాలిలో ఆగిపోయింది.
టోపీ అంచున ఎర్రదారం.
వాళ్ళ నాన్న టోపీకీ ఎర్రదారమే,
కుట్టింది ఈ పిల్లే.

కొండవాలు తగలబెట్టి
బూడిద మీద తొలివాన పడగానే
మొనకర్రతో గుంట గుంటకీ వరిగింజలు గుచ్చే మనిషి
వెలుంజార.
ఆ గింజలే పోయినేడు ఎనిమిది నెలలు
వాళ్ళ పొయ్యి మీద ఉడికాయి.
మిగతా నాలుగు నెలలూ కర్రపెండలం.

"నాలుగు నొక్కు, నక్షత్రం వస్తుంది" అన్నాడు పక్కవాడు.
నొక్కలేదు.
వేలు నోట తడిచేసుకుని
టోపీని తుడవబోయింది.
రుద్దింది, బలపం గీతను రుద్దినట్టు.
ఉమ్మి ఆరింది గానీ
మనిషి చెరగలేదు.

ఏడు దాటందే ఎనిమిది తెరుచుకోదు.
ఆ పలక దగ్గర ఏడుగురూ ఆగిపోయారు.
కబురు గదంతా పాకి
తక్కిన ఐదు పలకలూ ఆగాయి.
నారటోపీ లేని తండ్రి ఎవరికున్నాడని!

నేను పంతులమ్మని, జవాబు నాకు తెలుసు.
శిక్షణలో నేనూ నాలుగే నొక్కాను,
ఫలహారం పొట్లం ఒళ్ళో పెట్టుకుని.

సాయంత్రం వెలుంజార వచ్చాడు
పుంజు కోసం. అది వాళ్ళదే.
గుమ్మంలోనే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.
"మా పిల్ల ఏదో పాడుచేసిందట."
లేదన్నాను.
ఏం చూపించాలో తోచక
బబకూటు గొంతు వినిపించాను.
'తెల్లవారుజాము పాట' అని కింద రాసి ఉంది.

విన్నాడు.
మళ్ళీ పెట్టమన్నాడు.
"పాట కాదమ్మా ఇది.
నెత్తి మీద గద్ద తిరుగుతోంది,
పిల్లల్ని దాచుకోండని అరుస్తోంది.
పాటనుకుని పట్టుకెళ్ళారు పాపం."
అసలు పాట ఎలా ఉంటుందో చూపబోయి
గొంతు సవరించుకుని
సిగ్గుపడి మానేశాడు.
కాసేపాగి అడిగాడు,
"తర్వాత ఆ గద్ద ఏమైందో ఇందులో ఉందా?"

లేదు. పదకొండు సెకన్లే ఉంది.
అవే పదకొండూ
బ్యాటరీ చచ్చేదాకా
ఇద్దరం విన్నాం.

నెలాఖరు నివేదిక.
పూర్తి చేసినవారు: సున్నా.
ఆగిన చోటు: ఏడు.
కారణం రాయాల్సిన గడి
బొటనవేలంత.
'వాన' అని రాశాను.

అబద్ధమేం కాదు.
పడుతూనే ఉంది రేకుల మీద.
ఫలకం కిందకి దూరి
పుంజు కూడా తల ముడుచుకుంది.