కొలతకు పెన్ను

ఆదివారాలు చెట్లను చూడ్డానికి బయల్దేరేవాళ్లం
జొహానెస్‌బర్గ్‌లో మా వీధి మొదలు నుంచి చర్చి మలుపు దాకా,
మెడలో భూతద్దాలు, జేబులో బాల్‌పెన్నులు,
ఫ్లాస్కులో రూయ్‌బోస్ టీ.
బెజ్జం కనబడితే పక్కన పెన్ను మొన ఆనించి
ఫొటో తియ్యాలి,
ఎంత చిన్నదో చూసేవాళ్లకు తెలియడానికి.

నువ్వుగింజంత పురుగు.
చెక్కను తినదు. లోపల సొరంగం తవ్వి
బూజు నాటుకుంటుంది,
ఆ పంట మీదే పిల్లల్ని సాకుతుంది.
ఎంత పద్ధతైన సంసారం అనిపిస్తుంది,
కొమ్మ ఎండేదాకా.

మూడు నెలలు. నలభై ఆరు చెట్లు. ఒక్క బెజ్జమూ లేదు.
మన వీధి అదృష్టమని
ఎర్నా లాటెగాన్ కేకు కూడా చేసి తెచ్చింది.

అప్పుడు పిలిచాడు లింబానీ.
రాత్రి కాపలా. మలావీ నుంచి వచ్చి పదకొండేళ్లు,
పన్నెండో నంబరు ముందు మేపుల్ కింద
ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీ.
"నా చొక్కా చూడండి మేడమ్."
వీపంతా సన్నటి పొట్టు, పిండి జల్లినట్టు.
"ఉతుకుతాను. చెట్టుకు ఆనుకుంటాను. మళ్లీ వస్తుంది."

మేం భూతద్దాలతో వెతికింది
అతని వీపుకు తెలిసింది.

కుర్చీ కాలి కింద నాలుగు మడతలు పెట్టిన
మా కరపత్రమే ఉంది.
'బయటి దేశం నుంచి వచ్చింది.
కనబడితే వెంటనే తెలియజేయండి.'
"చదివాను మేడమ్,
మొదట నా గురించేమో అనుకున్నాను."
నవ్వాడు.
నాకు నవ్వాలో మానాలో తెలియలేదు.

ఫారం నేనే నింపాను.
కనుగొన్నవారు: లింబానీ న్యాసులు.
ఈ వీధి నివాసి: అవును, కాదు.
అతను పక్కకు తిరిగి
రోడ్డు దాటుతున్న కుక్కను చూస్తున్నాడు.
'అవును' మీద ఎంత గట్టిగా గీశానంటే
కింది కాగితానికీ అచ్చు పడింది.

గురువారం రంపం వచ్చింది.
ముక్కల్ని టార్పాలిన్ కప్పి తీసుకుపోయారు,
బ్రాయ్ మంటకు ఒక్క కట్టె కూడా
ఎవరికీ ఇవ్వకుండా.
మొద్దు దగ్గర ఎర్నా ఏడ్చింది.
లింబానీ కుర్చీ ఎత్తుకుని
ఎక్కడ పెట్టాలా అని కాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు మా గేటు ముందు, ప్లేన్ చెట్టు కింద.
తెల్లారి డ్యూటీ దిగేముందు
చొక్కా విప్పి వెలుగుకు పట్టి చూస్తాడు.
కిటికీలోంచి నేను చూస్తాను.
తల అడ్డంగా ఊపుతాడు.
ఇవాళ్టికి లేదు.