బాకీ పాట

ఆ పాట నాకు మొదలు గోడ సందుకెల్లి వినవడ్డది.
మస్కట్ల నాటకశాల, దాని కింద ఇస్త్రీ గది.
ఆడ నేను, షంసీర్, ఒక ఆవిరి మిషను,
నలభై రెండు పెట్టెల బట్టలు.
ఓడల వచ్చినయి. మూత తీస్తే కర్పూరం వాసన,
అడుగున ఇంకెవల్దో చెమట.

పొడుగు తోకల నల్ల కోట్లు,
గిరగిర తిరిగితే విచ్చుకునే గౌన్లు,
ఒక్కో గౌనుకు పదకొండు గజాల పట్టంటరు.
సిరిసిల్లల మరమగ్గాల నడుమ పుట్టినోణ్ని,
ముట్టంగనే చెప్తా, అది పట్టు కాదు, రేయాన్.
దూరంకెల్లి చూసేటోళ్లకు పట్టే.

పాటలు కట్టినాయన పేరు పెట్టెల మీద అచ్చేసున్నది.
షంసీర్ కూడబలుక్కొని చదివిండు: యోజెఫ్ లింట్నర్.
ముప్పై ఒక్క ఆటలు రాసిండంట,
మొదటి యుద్ధం ముందర కొన్ని, ఎన్క కొన్ని.
ఆట పుస్తకం చివర్ల చిన్నక్షరాల పేర్లున్నయి:
సిపాయి గొడుగు, మంచు మీద మేనత్త,
రెండు టోపీల దొర...
పేర్లే. ఆటల్లేవు.
కాయితాలు కాలినయో, చెదలు తిన్నయో,
పాడేటోళ్లే లేకుండ పోయిన్రో.
మిగిలింది ఒక్కటి. దానికే మేము ఇస్త్రీ చేస్తున్నం.

ఒక కోటున్నది. కాలరు లోపట
ఒకదాని కింద ఒకటి గుడ్డ ముక్కలు, కుట్టిన పేర్లు.
ఏడు లెక్కపెట్టిన.
ముందటోని పేరు విప్పకుండనే
ప్రతి పాటగాడు తన పేరు కుట్టిచ్చుకున్నడు.
ఇప్పటాయన బొద్దుగుంటడు,
నడుము కాడ రెండంగుళాలు వదులు చెయ్యమన్నడు,
వేళ్లతోని చూపిచ్చుకుంట, సిగ్గుపడుకుంట.

రెండో అంకంల, తొమ్మిదీ పదికి,
గోడ మీది స్పీకర్ల ఆయన గొంతు వస్తది.
ఒకటి, రెండు మూడు. ఒకటి, రెండు మూడు.
పట్టా జారినప్పుడు మా నాయిన మగ్గం
అచ్చం గిట్లనే నడుస్తుండె,
ఒక దెబ్బ గట్టిగ, రెండు దెబ్బలు కుంటుకుంట.
గొంతు మీదికి పోయి పోయి
ఆడ ఆగి, దిగాల్నా వద్దా అన్నట్టు ఊగుతది.
మూడు రాత్రులు ఇస్త్రీ ఆపి విన్న.
రేవుల ఎవల్నో ఇడిసిపెట్టి పోతున్నడనుకున్న.
ఒకపాలి కండ్లు తుడుసుకున్న. ఆవిరన్న.

నాలుగో నాడు షంసీర్ మెట్లెక్కి పోయి
కుర్చీల ఎన్క మెరిసే అరబ్బీ అక్షరాలు చదివొచ్చిండు.
నవ్వుకుంట వచ్చిండు.
"అరే భాయ్, వాడు హోటలు బిల్లు కట్టలేదు!
గదికింత, కోడికింత, సీసాకింత,
తాళంచెవి పోగొట్టినందుకింత.
మేనేజరు తలుపు కాడ నిలవడ్డడు,
వీడు కిటికీలకెల్లి దిగుకుంట లెక్క పాడుతుండు."

కోపమొచ్చింది. ఎవరి మీదనో తెల్వదు.
నా కండ్లనీళ్లు వాపస్ ఇయ్యమని ఎవల్నడగాలె?
లింట్నర్‌నా? ఆయన పోయి ఎన్నేండ్లాయెనో.
ఆ పొద్దు కోటును గట్టిగ ఒత్తిన,
మడత కత్తి లెక్క నిలవడ్డది.

అయినా రాగం పోలే.
బస్సుల నా వెంబడే ఎక్కింది,
అల్ ఖువైర్ దాటి, ఉప్పు ఉక్కపోతల,
ఘలా క్యాంపు దాకా వచ్చింది.
బియ్యం కడుక్కుంట నేను తీస్తుంటే
పై మంచం ఓదెలు విన్నడు.
ఓదెలు చేతికి దొరికిన రాగం ఊకనే ఉండదు,
దానికి తన అంగీ తొడుగుతడు:
"ఏజెంటుకు లక్షా పదివేలు,
మెడికలుకు ఆరువేలు,
ముంబైల మూడొద్దులు చాపకు కిరాయి,
ఫోటోల కండ్లు మూసిననని
మల్లొక ఫోటో, దానికి నూర్రూపాలు..."
'లక్షా' కాడ గొంతు మీదికి తీసి
దిగకుండ ఆడ్నే ఊగిండు.

గదంత ఒకటే నవ్వు.
సిల్హెట్ తౌహీద్ గిన్నె మీద చెంచాతోని
ఒకటి, రెండు మూడు కొట్టుకుంట
వాని బాకీ వాని భాషల కలిపిండు.
మూల మంచం వెంకటి మాత్రం నవ్వలే.
"పద్దు తప్పింది," అన్నడు. "మిత్తి ఏదిరా?"

ఆఖరు ఆటైనంక పెట్టెలు కట్టినం. దోహాకంట.
కోటు మడిచేటప్పుడు కాలరు లోపట చూసిన.
ఏడు పేర్ల కింద ఇంకింత ఖాళీ ఉండె.
సూదికి దారమెక్కిచ్చిన.
శానాసేపు పట్టుకొని నిలవడి,
ఊడవట్టిన గుండీ ఒకటి కుట్టి
పెట్టె మూసిన.