ఫర్వానియాలో ఎనిమిదిన్నరకి

గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి
ముప్పయ్యారు, పొమ్మన్నాడు.
కుర్చీ విడిచి కుర్చీకి అడ్డంగా ఎర్ర టేపు.
ఖాళీల మధ్య మేం నలుగురం,
మాస్కుల పైన కళ్ళు మాత్రం.

మానేద్దామనే అనుకున్నా.
పెద్ద మేడమ్‌కి డెబ్బై ఎనిమిది,
రోగం నేనే మోసుకెళ్తే?
కానీ మా చిన్నమ్మ సరోజిని కూడా
"కోతలయ్యాక చూపించుకుంటాలే" అంది.

పుస్తెలు తీసి సబ్బుపెట్టెలో పెట్టా.
చల్లటి పలక.
మలయాళీ పిల్ల నా రొమ్ము సర్ది,
"ఊపిరి బిగబట్టక్కా" అంది, వచ్చీరాని తెలుగులో.
నవ్వొచ్చింది.
మార్చి నుంచీ ఇంకేం చేస్తున్నానమ్మా!

నా వెనకే పలక తుడుస్తోంది, మూలమూలా,
మేడమ్ వెండిగిన్నెలు నేను తుడిచినట్టు.

చీటీలో మళ్ళీ రమ్మన్న తేదీ
రెండేళ్ళకి.
నా అకామా అంతదూరం లేదు.
అయినా మడిచి
జాకెట్లో, ఎడమవైపే, దోపుకున్నా.